పరిగెల కుండ

"సోమవారం నారు పీకినప్పుడు ఈ మడి ఎలా ఉంది?"

కామేశ్వరి ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. జగ్గమ్మ మూడుసార్లూ ఒకేలా జవాబు చెప్పింది.

"పచ్చగా ఉన్నాదమ్మా. ఇరవై కట్టలు పీకి కూర్మమ్మ మడికి పంపినాను. సిన్నరైలు కూతేసిన ఏళకి ఆకరి కట్ట కట్టినాను."

చిన్నరైలు అటు దాటేది ఉదయం ఎనిమిదీ పదికి. కామేశ్వరి ఆ సంగతి చిన్న కాగితం మీద రాసుకుని మళ్ళీ మడి వైపు చూసింది. నారు కొసల నుంచి సగం దాకా తెల్లబారి, ఉడికిన ఆకులా బురద మీదికి వాలిపోయి ఉంది.

శుక్రవారం. ఒంటిగంట దాటి పది నిమిషాలు. నాలుగు గంటలకి జగ్గమ్మ భర్త పోతురాజుని పోలీసు వ్యాను మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోతుంది. హత్య కేసులో జైలుకి వెళ్ళిన ఎకరంన్నర రైతు మళ్ళీ ఎప్పుడు తన గట్టు మీదికి వస్తాడో చెప్పగల ప్లీడరు ఆ జిల్లాలో లేడు.

చనిపోయినవాడు వేంకటాచలం. బ్లాకు ఆఫీసులో వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు. ఇరవై ఎనిమిదేళ్ళు. మడికి ఎదురుగా కనిపించే ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు నానబెట్టిన నీళ్ళు ఏళ్ళ తరబడి పుల్లటి కంపుతో వాగులో కలిసేవి. రెండేళ్ళ కిందట వేంకటాచలం వాటి కోసం మూడు గోతులు తవ్వించాడు. మిల్లు గోడ లోపల పులుపు గొయ్యి. గోడ బయట తేట గొయ్యి. దాని తర్వాత చేప గొయ్యి. సున్నం, పేడ పడి, ఒక్కో గోతిలో పదేసి రోజులు నిలిచి, మూడోదానికి వచ్చేసరికి ఆ నీటికి కంపు పోతుంది. అప్పుడు అందులో పరిగె చేప పిల్లల్ని వదులుతారు. అవి బతికితే, ఒక వంతుకి మూడు వంతులు కాలవ నీళ్ళు కలిపి పొలానికి పెడతారు. గడ్డి కూడా మొలవని పోతురాజు చౌడునేల ఆ నీళ్ళతో రెండు పంటల్లో నల్లబడింది. గుప్పెట్లోకి తీసుకుంటే మట్టి ముద్ద కట్టడం మొదలుపెట్టింది.

మంగళవారం ఉదయం ఆరింటికి ఆ చేప గోతిలోనే వేంకటాచలం శవమై తేలాడు. తల వెనక దెబ్బ. మొదట చూసి కేక వేసినవాడు పోతురాజు. గురువారం అతన్నే పట్టుకుపోయారు. నారు మాడ్చినందుకు కక్షతో చంపాడని ఇన్‌స్పెక్టరు నరసింగరావు రాశాడు. ఆ రాత్రే వేంకటాచలం అక్క జగదాంబ విజయనగరంలో కామేశ్వరి తలుపు తట్టింది. "రెండేళ్ళు మా తమ్ముడు మధ్యాహ్నం పూట తిన్నది ఆ పోతురాజు ఇంటి అన్నమే. వాడు కాదు. ఎవరో తేల్చండి" అంది. ప్లీడర్లకి కావలసిన నిజాలు తవ్వి తెచ్చిపెట్టడం పదేళ్ళుగా కామేశ్వరి వృత్తి. పొద్దున్నే మొదటి బస్సెక్కింది.

"ఆ కుండలో ఏమిటి?" అంది కామేశ్వరి.

జగ్గమ్మ పక్కనున్న కుండ మీది గుడ్డ తీసింది. నీళ్ళల్లో వేలెడేసి పరిగెలు నాలుగు, అడుగున గుండ్రంగా తిరుగుతున్నాయి.

"సేప గోతి నీళ్ళమ్మా. పొద్దున్న ముంచినాను. కోర్టుకి అట్టుకెళ్తాను. ఈ నీళ్ళు నారుని మాడ్సేవైతే ఈటి ప్రాణం ఉండునా అని జడ్జీ బాబుని అడుగుతాను."

కామేశ్వరి నవ్వలేదు. కుండలోకి చాలాసేపు చూసింది.

"ఆదివారం మీ ఇంట్లో గొడవ జరిగిందట. ఊళ్ళో నలుగురు విన్నారు."

"ఇన్నారు. కాదన్నానేటి? మావోడు గట్టిగానే అరిసినాడు. ఆ కర్ర పారేయ్ బాబూ అని."

"ఏ కర్ర?"

జగ్గమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "కొలకర్రమ్మా. ఎదురుబొంగు. రోజూ మాపటేళ పులుపు గోతిలో ముంచి, నీళ్ళు ఎంతకొస్తే అంతకాడ సిన్న కత్తితో గాటెట్టేవోడు. ఆదివారానికి కర్ర నిండిపోనాది. 'పోతురాజూ, ఈ గాట్లు సూస్తే మిల్లోళ్ళు ఊరుకోరు' అన్నాడు. 'మరెందుకు బాబూ నీకు, ఒగ్గేయ్' అని మావోడు. అదే గొడవ. కర్ర మా సూరులో ఎట్టేసి పోనాడు."

"ఇప్పటికీ అక్కడే ఉందా?"

"ఉన్నాది."

"నేను వచ్చి అడిగేదాకా ఎవరికీ ఇవ్వకు. కోర్టుకి కుండ కంటే అది ముఖ్యం."

"ఎవులికిత్తానమ్మా" అని జగ్గమ్మ కుండ మీద గుడ్డ కప్పింది.

తాటిచెట్ల నీడలో ఆగి ఉన్న జీపు దగ్గర నుంచి ఎవరో పిలిచారు. "కామేశ్వరిగారూ, ఎండలో ఎంతసేపమ్మా? ఒక్క గుక్క కాఫీ తాగి వెళ్ళండి."

వేంకటాచలం పై అధికారి జానకిరామయ్య. యాభై దాటిన మనిషి, మెత్తటి గొంతు. మడత కుర్చీలో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ స్టీలు గ్లాసులోకి వంచాడు. గ్లాసు అంచు కింద చుక్కల అక్షరాలతో పేరు కొట్టించి ఉంది. కె. లక్ష్మీనరసమ్మ.

"గ్లాసు జాగ్రత్తండోయ్. ఒకటి పోయినా మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. పెళ్ళినాటి సామాను" అని నవ్వాడు.

కామేశ్వరి కాఫీ తాగుతూ ఆయన్ని చూసింది. కాళ్ళకి తోలు చెప్పులు, వాటి లోపల తెల్లటి మేజోళ్ళు. ఆషాఢం ఉక్కలో మేజోళ్ళు.

"మీరు సోమవారం ఇటు వచ్చారా?"

"లేదమ్మా. పొద్దున్నుంచి శ్రీకాకుళంలోనే ఉన్నాను. మంగళవారం కబురు అందాక బయలుదేరి పదింటికి వచ్చాను. అప్పటికే కుర్రాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయారు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బంగారంలాంటి కుర్రాడు. పోతురాజు చెడ్డవాడని నేననను. కాని నారు మాడితే రైతు రైతులా ఉండడు."

"గోతుల దాకా వస్తారా? చూపించేవాళ్ళుంటే బాగుండును."

"కీళ్ళవాతం. గట్టు దిగితే మళ్ళీ ఎక్కలేను. మీరు చూసి రండి."

గ్లాసు కడిగి ఇచ్చి, కామేశ్వరి గట్టు వెంట నడిచింది. ఒకటీ నలభై.

చేప గొయ్యి ముందు వచ్చింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆమె గట్టంతా తిరిగి, వంగి, అంచున ఉన్న నాచుని వేళ్ళతో తీసి చూసింది. ఒక్క తాలు గింజ లేదు. పొద్దున్న స్టేషనులో వేంకటాచలం చొక్కా చూసింది. జేబు అడుగున తడిసి అంటుకుపోయిన తాలు గింజలు పదిహేడు లెక్కపెట్టింది. చొక్కాకి చారికలు కట్టిన గోధుమరంగు మరక. రైటరు ముక్కు మూసుకుని, "మిల్లు నీళ్ళంటే అంతేనమ్మా" అన్నాడు. అంతే కాదు. ఈ గోతి నీళ్ళకి ఆ కంపూ లేదు, ఆ రంగూ లేదు.

మిల్లు గోడకి వెనక చిన్న తలుపు. దాన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. ఎండలో ఉప్పుడు వడ్లు కాళ్ళతో తిరగేస్తున్న ఆడవాళ్ళు ఆగి చూశారు. వాళ్ళలో పెద్దది, జగ్గమ్మ దగ్గర నారు తీసుకున్న కూర్మమ్మ, నడుముకి గుడ్డ బిగించుకుంటూ వచ్చింది.

పులుపు గొయ్యి దగ్గర కంపు కళ్ళలోకి కొడుతోంది. నీటి మీద తాలు గింజలు తెట్టెలా తేలుతున్నాయి. రెండో గోతికి వెళ్ళే తూముకి వెదురు తడిక అడ్డం ఉంది.

"ఈ తడిక దాటి తాలు వెళ్తుందా?"

"ఒక్క గింజ ఎల్లదు. వారానికోపాలి నానే దులుపుతాను."

"ఈ పక్క ఇంకో తూము ఉందేం?"

"అది వరద తూమమ్మా. పెద్దవాన కొట్టినప్పుడు గొయ్యి పొర్లకుండా. ఆ కాలవ తిన్నగా పోతురాజు మడికాడికి పోతాది. వానే నేదు, పలక ఎవులు ఎత్తుతారు?"

కామేశ్వరి ఆ కాలవలోకి చూసింది. అడుగున గోధుమరంగు పెచ్చు ఎండి పగిలింది. పెచ్చు నిండా తాలు గింజలు. పలక అంచున కొత్తగా పెచ్చులూడిన చెక్క.

గోతి గోడ మీద నీటి అంచుకి నిలువెత్తు పైన ఒక పాత చార ఉంది. కింద గోడంతా ఇంకా జిడ్డుగా, నల్లగా ఉంది. నిన్నమొన్నటి దాకా నీళ్ళు అక్కడిదాకా ఉన్నాయి. ఆమె చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి, మెట్టు దిగబోయింది.

కూర్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఆముదం రాయకుండా దిగిపోకమ్మా. కొత్త పులుపు. ఇయ్యాల ఏటీ అవదు. రేపు ఎర్రబడతాది. మూడో నాటికి కాలి ఏళ్ళ సందుల తోలు ఊడొస్తాది. మేం మోకాళ్ళ దాకా ఆముదం పట్టించి దిగుతాం."

"నారు మీద పడితే?"

"నారుకీ అంతే. పెట్టిన నాడు పచ్చగానే ఉంటాది. రెండో పొద్దుకి కొస తెల్లబడతాది. మూడో పొద్దుకి తొంగుంటాది. కిందటేడు మా మడికి అయింది కదా. ఎంకటాచలం బాబు వొచ్చి నా పక్కన కూకుని ఏడిసినంత పని సేసినాడు. అప్పుడే ఈ సేపల పరీక్ష ఎట్టినాడు."

కామేశ్వరి గొడుగు తలకిందులుగా పట్టుకుని మెట్టు మీద నుంచే నీళ్ళలోకి దించింది. అడుగు తగిలాక పైకి తీసి, తడిసినంత మేర చేత్తో కొలిచింది. రెండు జానలు.

"వడ్లు నానబెట్టిన తొట్టి ఒకటి వదిలితే గోతిలో నీళ్ళు ఎంత పెరుగుతాయి?"

"నాలుగేళ్ళు" అని కూర్మమ్మ చేతి వేళ్ళు అడ్డంగా పట్టి చూపించింది.

"రోజుకి ఒక తొట్టేనా?"

కూర్మమ్మ వడ్ల వైపు చూసింది. "మాకు కూలి ఇచ్చేది పగటి తొట్టికమ్మా."

"సోమవారం ఎన్ని గంటలకి ఇంటికి వెళ్ళారు?"

"అయిదింటికే పంపేసినారు. రోజూ ఆరు. బాయిలరు కడగాలన్నారు. మేం పోయినాక కడిగేటోళ్ళెవులూ రాలేదని కాపలావోడు మరునాడు అన్నాడు. తరవాత ఆడినీ ఇంటికి పొమ్మన్నారట."

"గొడుగుతో గొయ్యి కొలుస్తున్నారా?" అన్న గొంతు వెనక నుంచి వచ్చింది. "విజయనగరంలో కేసులు ఇలాగే తేలుస్తారు కాబోలు."

ఇన్‌స్పెక్టరు నరసింగరావు. చంకలో కేసు ఫైలు. రెండు గంటల పది నిమిషాలు.

"టేపు అడిగితే మీరివ్వరని గొడుగు తెచ్చుకున్నాను" అంది కామేశ్వరి. "వేంకటాచలం చచ్చిపోయింది ఇక్కడండీ. చేప గోతిలో కాదు."

"చొక్కా జేబులో తాలు. రైటరు చెప్పాడు మీరు లెక్కపెట్టారని." ఇన్‌స్పెక్టరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "రోజూ ఈ గోతి దగ్గర తిరిగేవాడి జేబులో తాలు ఉండక ముత్యాలుంటాయా?"

"తిరిగితే జేబు పైన ఉంటుంది. అడుగున పదిహేడు, నీళ్ళతో పాటు వెళ్ళి అంటుకుపోయి ఉండవు."

"సరే, ఇక్కడే ముంచాడనుకోండి. ముంచింది పోతురాజు కాదని ఏ గింజ చెప్పింది?"

"ఈ గొయ్యి సోమవారం సాయంత్రం అడుగంటా ఖాళీ అయింది. వరద తూము పలక ఎత్తి వదిలేశారు. అదిగో కాలవలో పెచ్చు. ఆ నీళ్ళు పోయింది పోతురాజు నారుమడిలోకి. తన నారు మీదికి తనే పులుపు నీళ్ళు వదులుకుంటాడా?"

"ఎందుకు ఖాళీ చేస్తారండీ ఎవరైనా?"

"నీళ్ళలో పడిన వస్తువు వెతకాలి కనక. వేంకటాచలం భుజానికి ఎప్పుడూ కొలతల పుస్తకంతో గుడ్డసంచీ ఉండేదని వాళ్ళక్క చెప్పింది. మీ జాబితాలో చొక్కా ఉంది, చెప్పు ఉంది, సంచీ లేదు."

ఇన్‌స్పెక్టరు ఫైలుని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. తర్వాత గొంతు హెచ్చింది. "అమ్మా, పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది. ఆదివారం దెబ్బలాట. సాక్షులు నలుగురు. మాడిన నారు నా కళ్ళతో చూశాను. తల మీది దెబ్బకి సరిపోయే పార వాడి ఇంట్లో దొరికింది. మీరు గొడుగు తడిపి నాకు పాఠం చెబుతున్నారు. నాలుగింటికి వ్యాను కదులుతుంది. అంతే."

"మాడిన నారు ఎప్పుడు చూశారు?"

"గురువారం పొద్దున్న."

"మంగళవారం చూడలేదా? శవాన్ని ఆ మడి గట్టు మీదే పడుకోబెట్టారు కదా."

"శవం దగ్గర నిలబడి ఎవరైనా నారు చూస్తారా?"

"మీరు చూడలేదు. ఫొటో చూసింది. ఫైలులో ఉంటుంది, తీయండి."

ఇన్‌స్పెక్టరు ఆమెని విసుగ్గా చూసి ఫైలు విప్పాడు. ఫొటో వెనక మంగళవారం ఎనిమిదింబావు అని రాసి ఉంది. గట్టు మీద గోనెపట్టా, దాని మీద వేంకటాచలం. వెనకంతా నారు. నిటారుగా, కొసలు గాలికి ఒక పక్కకి వంగి, ఒక్క మొక్క కూడా వాలకుండా నిలబడి ఉన్న నారు.

కూర్మమ్మ మెడ చాచి చూసింది. "అదిగో. పెట్టిన మరునాడు అలాగే ఉంటాది బాబూ. సెప్పినాను కదా."

"అంటే మంగళవారం ఉదయానికి నారు మాడలేదు" అంది కామేశ్వరి మెల్లగా. "ఆదివారం అసలు మాడలేదు. సోమవారం పొద్దున్న పీకిన ఇరవై కట్టలు కూర్మమ్మ మడిలో పచ్చగా వేళ్ళు దిగి ఉన్నాయి, వెళ్ళి చూడండి. జరగని నష్టానికి పోతురాజు ఎలా కక్ష తీర్చుకుంటాడు? నారు మాడడం వల్ల హత్య జరగలేదండీ. హత్య జరగడం వల్ల నారు మాడింది."

ఇన్‌స్పెక్టరు ఫొటో మీద నుంచి కళ్ళు తీయలేదు. రుమాలు జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఒక్కటి చెప్పండి" అంది ఆమె. "నారు మాడిందని మీకు మొదట చెప్పింది ఎవరు?"

"వాంగ్మూలంలో ఉంది."

"ఏ రోజు?"

కాగితాలు తిరగేశాడు. వేలితో వరస వెంట వెళ్తూ పైకి చదివాడు. "మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. నేను నిన్న ఊళ్ళో లేను. మిల్లు నీళ్ళు పడి నారుమడి తెల్లగా మాడిపోవడం చేత పోతురాజు మా డిమాన్‌స్ట్రేటరు మీద..." వేలు ఆగిపోయింది.

కింద సంతకం చూసి చదివాడు. "జానకిరామయ్యగారు."

"పులుపు నీళ్ళు పడితే నారు మాడుతుందని ఆయనకి తెలుసు. రిపోర్టులు రాసే మనిషి. మాడడానికి రెండు పొద్దులు పడుతుందని మాత్రం ఏ రిపోర్టులోనూ ఉండదు. గట్టు మీద కూర్చుని చూసినవాళ్ళకే తెలుస్తుంది. తను వదిలిన నీళ్ళు రాత్రికి రాత్రే మడిని మాడ్చేసి ఉంటాయనుకున్నాడు. మడి వైపు తిరిగి చూడకుండానే మీకు చెప్పేశాడు."

"ఆయన సోమవారం శ్రీకాకుళంలో ఉన్నాడు. నేను..." ఇన్‌స్పెక్టరు ఆగాడు. "నేను అడిగాను. వాకబు చెయ్యలేదు."

"ఆయన కాళ్ళు చూడండి. ఈ ఉక్కలో మేజోళ్ళు తొడుక్కున్నాడు, కీళ్ళవాతమని. సంచీ కోసం ఆముదం రాసుకోకుండా ఈ బురదలో దిగిన మనిషి కాళ్ళవి. ఇవాళ్టికి నాలుగో రోజు."

"ఎందుకు చంపుతాడు? తన కింద పనిచేసే కుర్రాణ్ణి?"

"రోజుకి ఒక తొట్టి. నాలుగు వేళ్ళు. మంగళ, బుధ, గురువారాలకి ఒక జాన ఉండాలి ఈ నీళ్ళు. రెండు జానలున్నాయి. రాత్రి పూట రెండో తొట్టి నడుస్తోంది. పగటి లెక్కలోకి రాని ఆ బియ్యం పర్మిట్ లేకుండా రాష్ట్ర సరిహద్దు దాటుతోందన్నమాట. వేంకటాచలం బియ్యం కోసం వెతకలేదు పాపం. ఎకరానికి ఎన్ని నీళ్ళు సరిపోతాయో లెక్క తేలాలని రోజూ కర్రకి గాట్లు పెట్టుకున్నాడు. గాట్లు రెట్టింపు వచ్చి ఉంటాయి."

"దానికి జానకిరామయ్యకి ఏం సంబంధం? మిల్లు ఆయనది కాదు."

"అది నాకూ తెలియలేదు ఇంకా" అంది కామేశ్వరి. "ముందు మీరు వ్యాను ఆపించండి."

ఇన్‌స్పెక్టరు ఫైలు మూశాడు. "ఆపిస్తాను. పోతురాజుని వదులుతాననలేదు. ఆపిస్తానన్నాను. నా జీపు ముందు గేటు దగ్గర ఉంది."

ఆడవాళ్ళు దారి ఇచ్చారు. కామేశ్వరి పొద్దున్నుంచి వెనక తలుపు వైపే తిరిగింది. ముందు గేటు ఆమె చూడడం ఇదే మొదలు. గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక వెనక్కి తిరిగి బోర్డు చూసింది. మిల్లు పేరు పెద్ద అక్షరాలు. కింద చిన్నవి.

ప్రొప్రయిటరు: కె. లక్ష్మీనరసమ్మ.

స్టీలు గ్లాసు అంచు ఇంకా పెదవికి తగిలి ఉన్నట్టనిపించింది ఆమెకి.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఈ ప్రొప్రయిటరుని ఎప్పుడైనా చూశారా?"

"లేదు. ఎక్కడో ఉంటుందట. మేనేజరే అన్నీ చూస్తాడు."

"జానకిరామయ్యగారి భార్య. ఇందాక ఆమె పెళ్ళినాటి గ్లాసులో కాఫీ తాగాను."

ఇద్దరూ ఒకేసారి తాటిచెట్ల వైపు చూశారు. నీడ ఉంది. మడత కుర్చీ ఉంది. జీపు లేదు.

వెనక నుంచి కూర్మమ్మ పరుగున వచ్చింది. రొప్పుతోంది. "అమ్మా, జగ్గమ్మ అటు గానీ కనపడినాదా? నా కోడలు సెప్తన్నాది. ఆపీసరు బాబు జీపెక్కించుకుని పోనాడట. నీ మొగుడి కాడికి టేసనుకి తీసుకెల్తాను, కోర్టుకి తోడొత్తానని."

"ఒంటరిగానా?"

"ఒంటిగానే. కుండ ఒళ్ళో ఎట్టుకున్నాది. సూరులో కర్ర కూడా తీసి అట్టుకెళ్ళినాదట."

"ఎవరికీ ఇవ్వద్దన్నాను" అంది కామేశ్వరి.

"ఎవులికో ఎందుకిత్తాదమ్మా? సచ్చిపోయిన బాబుకి పెద్దాపీసరు కదా. ఆ బాబు వస్తువు ఆయనకి కాక ఎవులికిత్తాది?"

ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు స్టార్టు చేశాడు. కామేశ్వరి ఎక్కి కూర్చుంది. రెండూ ముప్ఫై అయిదు. మిల్లు రోడ్డు రెండు ఫర్లాంగుల అవతల చీలుతుంది. కుడి వైపు స్టేషను. ఎడమ వైపు పాతపట్నం మీదుగా సరిహద్దు.

"కుడికేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "స్టేషనుకనే కదా చెప్పాడు."

"ఆపండి."

జీపు చీలిక దగ్గర ఆగింది. నాలుగు రోజులుగా వాన లేదు. దుమ్ము పాదం మునిగేలా ఉంది. కుడి రోడ్డు మీద పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు. ఎడమ రోడ్డు మీద చక్రాల జాడ పక్కన, గజానికొకటి చొప్పున, తడి మచ్చలు. కుదుపులకి కుండ తొణికిన మచ్చలు. మూడో మచ్చ దగ్గర దుమ్ములో ఏదో తళుక్కుమంది.

కామేశ్వరి దూకి వెళ్ళి వంగింది. వేలెడు పరిగె. ఒళ్ళంతా దుమ్ము అంటుకుంది. అరచేతిలోకి తీసుకోగానే తోక ఒకసారి కొట్టుకుంది.

"ఏమిటది?" అని ఇన్‌స్పెక్టరు జీపులోంచి అడిగాడు.

"నీళ్ళు లేకుండా పరిగె ఎంతసేపు బతుకుతుందండీ?"

అతను చేపని చూశాడు, ఎడమ రోడ్డుని చూశాడు. "అయిదు నిమిషాలు. మహా అయితే."

"ఇది ఇంకా బతికే ఉంది" అంది కామేశ్వరి, జీపెక్కుతూ. "ఎడమకి పోనివ్వండి."